ఆల్చిప్ప దాచిన లెక్క

స్వాతికార్తెలో చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యం అవుతుందని మనం చిన్నప్పుడు విన్నాం. అది కథే. కానీ సముద్రంలో కలిసిన సీసం, పాదరసం, డీడీటీ మాత్రం నిజంగానే ఆల్చిప్ప ఒంట్లోకి చేరి కొన్నాళ్లు అక్కడే ఉండిపోతాయి. సముద్రం ఎంత పాడైందో చూడటానికి సైంటిస్టులు వాడుకునేది దీన్నే.

నీళ్లే తీసుకెళ్లి టెస్ట్ చేయొచ్చు కదా అని నాకూ అనిపించింది. కానీ సీసాలో పట్టిన నీళ్లు ఆ ఒక్క క్షణం సంగతే చెప్తాయి. రాత్రి వదిలిన వ్యర్థం పొద్దున శాంపిల్ తీసేసరికి అలల్లో కొట్టుకుపోయి ఉండొచ్చు. మస్సెల్ అలా కాదు. రాతిని పట్టుకుని కదలకుండా, నీళ్లు వడగట్టుకుంటూ బతుకుతుంది. దాని అన్నలాంటి ఆయిస్టర్ అయితే పరిస్థితులు బాగుంటే రోజుకు 190 లీటర్ల దాకా వడగడుతుంది. చేపలు ఈదుకుంటూ ఎక్కడెక్కడికో పోతాయి, పైగా నూనెలోని కొన్ని విషాలను వాటి కాలేయం త్వరగా విరిచేస్తుంది. మస్సెల్‌కి ఆ శక్తి తక్కువ. అందుకే దాని ఒంట్లో దొరికేది కొన్ని వారాల, నెలల సగటు. మన భాషలో మూవింగ్ యావరేజ్ అన్నమాట. (విషం మరీ ఘాటుగా ఉంటే చిప్ప మూసేసుకుంటుంది. అంత తెలివి ఏ సెన్సర్‌కి ఉంది!)

1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే సముద్ర రసాయన శాస్త్రవేత్త ఈ పద్ధతిని ప్రపంచమంతా వాడాలని ప్రతిపాదించాడు. పేరు 'మస్సెల్ వాచ్'. 1986లో అమెరికాలో నోవా సంస్థ తన తీరాల్లో దీన్ని మొదలుపెట్టింది. అక్కడ డీడీటీని 1972లోనే నిషేధించారు. అయినా దశాబ్దాల తర్వాత కూడా చిప్పల్లో అది దొరుకుతూనే ఉంది, కాకపోతే మెల్లగా తగ్గుతోంది.

ల్యాబ్‌లో ఒకేచోట ఏరిన చాలా చిప్పల మాంసాన్ని కలిపి మెత్తగా రుబ్బుతారు. లోహాల కోసం ఆమ్లంలో కరిగిస్తారు, డీడీటీ లాంటి వాటిని ద్రావకంతో బయటికి లాగుతారు. ఒంట్లో నీటి శాతం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి లెక్క చాలాసార్లు ఎండు బరువు మీద చెప్తారు. మెషీన్ నిజం చెప్తోందా అని చూడటానికి, ఏది ఎంత ఉందో ముందే తేల్చిన మస్సెల్ మాంసాన్ని కూడా పక్కన పెట్టి కొలుస్తారు. అవుట్‌పుట్ తెలిసిన టెస్ట్ కేస్ లాగా.

ఇక నాకు బాగా నచ్చిన చిక్కు జింక్. అమెరికా మ్యాప్ మీద జింక్ విలువలు ప్లాట్ చేస్తే మెక్సికో సింధుశాఖ తీరమంతా ఎర్రగా వెలుగుతుంది. అక్కడ నీళ్లు అంత మురికా అంటే, ఆ ఎరుపు చూసి అలా చెప్పలేం. అక్కడ ఏరేది ఆయిస్టర్లు, మిగతా సముద్ర తీరాల్లో ఎక్కువగా మస్సెల్స్. మస్సెల్ తన ఒంట్లో జింక్‌ని అదుపులో పెట్టుకుంటుంది, ఆయిస్టర్ మాత్రం పోగేసుకుంటుంది. నీళ్లు ఒకటే అయినా అంకెలు వేరు. ఏ జాతి అన్న కాలమ్‌ని పక్కన పడేసి మోడల్ ట్రైన్ చేస్తే, అది కాలుష్యం బదులు చిప్ప రకాన్ని నేర్చుకుంటుంది. నోవా వాళ్లు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే హద్దులను మస్సెల్స్‌కి వేరుగా, ఆయిస్టర్లకి వేరుగా గీసింది ఇందుకే.