ప్రోగ్రాము పంక్తుల యమరిక

వ్యాసము వ్రాయునపుడు ప్రతి పేరా మొదట కొంచెము చోటు విడువవలెనని చిన్న తరగతులలోనే నేర్పుదురు. ఆ చోటు విడువకున్నను వ్యాసమునకు అర్థహాని లేదు. చదువువాని కంటికి మాత్రము శ్రమ. కంప్యూటరు ప్రోగ్రామునందు పంక్తుల మొదట విడుచు ఖాళీకి ఇండెంటేషన్ అని పేరు. కొన్ని భాషలలో ఇది కంటికింపు కొఱకే. మఱికొన్నింట అర్థమే దానిపై ఆధారపడి యుండును. ఈ భేదమును గమనింపక ఎడిటరును సవరించుటచే మా కంప్యూటరు గదిలో నొక పొరపాటు జరిగినది. విద్యార్థుల కుపయోగపడునని దానిని, దాని నివారణోపాయమును ఇచట వ్రాయుచున్నాము.

గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాషలో, ఏ పంక్తి దేనికి లోబడినదో ఇండెంటేషన్ వలననే తెలియును. ఒక ఉదాహరణము: మూడు పాఠ్యాంశములలో 60, 30, 75 మార్కులు వచ్చినవనుకొందము. మార్కు 35కు తక్కువైనచో తప్పినవాని లెక్కకు ఒకటి చేర్చవలెను. ఎట్లున్నను మార్కును మొత్తమునకు కలుపవలెను. కలుపు పంక్తి సరియైన చోట నున్నచో మొత్తము 165. అదే పంక్తి ఒక మెట్టు లోపలికి జరిగినచో, తప్పిన మార్కు మాత్రమే చేరి మొత్తము 30 అగును. యంత్రము ఏ దోషమును తెలుపదు. తప్పు జవాబును నిశ్చింతగా ఇచ్చును.

ఇక ఖాళీ రెండు విధములు. స్పేసు అనునది ఒక్క అక్షరపు వెడల్పు ఖాళీ. ట్యాబు కూడ ఒక్క అక్షరమే. కాని అది ఎంత వెడల్పుగా కనబడునో నిర్ణయించునది ఎడిటరు. కావున రెండు పంక్తులు కంటికి సమానముగా కనబడినను యంత్రమునకు వేఱుగా నుండవచ్చును. పైథాన్ మూడవ తరములో ఇవి పొంతన లేక కలిసినచో ప్రోగ్రాము నడువదు. మెట్టునకు నాలుగు స్పేసులు వాడుడని 2001లో వెలువడిన పెప్ 8 అను శైలి నియమావళి చెప్పుచున్నది.

అన్ని భాషల కిది వర్తింపదు. సీ భాషలో కుండలీకరణములే హద్దులు. ఖాళీ చదువరి కొఱకు మాత్రమే. గో భాషకు గోఫ్మ్‌ట్ అను పరికరము పంక్తులను ట్యాబులతో తానే సరిచేయును. ఇక 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ నిర్మించిన మేక్ అను సాధనమున్నది. దాని మేక్‌ఫైలులో ఆజ్ఞల పంక్తి మామూలుగా ట్యాబుతోనే ఆరంభము కావలెను. ఎన్ని స్పేసు లుంచినను ఒప్పుకొనదు.

మా పొరపాటు ఇచటనే. పైథాన్ పాఠములు జరుగుచున్న దినములలో, ట్యాబు మీట నొక్కినపుడెల్ల నాలుగు స్పేసులు పడునట్లు అన్ని యంత్రములందును విమ్ ఎడిటరును సవరించితిమి. కొన్ని వారములకు ఒక బాలుడు సీ ప్రోగ్రామునకు మేక్‌ఫైలు వ్రాసెను. విభజన చిహ్నము లేదని మేక్ నిరాకరించెను. నల్లబల్లతో పోల్చి చూచితిమి, అక్షరభేదము కనబడలేదు. అజాగ్రత్తగా వ్రాసితివని మందలించి తిరిగి వ్రాయించితిమి. అతడు రెండుమాఱులు వ్రాసెను, ఫలితమొక్కటే. తుదకు విమ్‌లో ‘సెట్ లిస్ట్’ అను ఆజ్ఞ నిచ్చితిమి. ట్యాబున్నచో టోపీ గుర్తును ఆంగ్లపు ఐ అక్షరమును కనబడవలెను. ఒక్కచోటనైనను కనబడలేదు. బాలుడు ట్యాబు మీటనే నొక్కియుండెను. దానిని స్పేసులుగా మార్చినది మేము చేసిన సవరణ. మరునాడు తరగతి యెదుటనే తప్పు మాదని చెప్పితిమి.

నివారణోపాయ మిట్లు:

1. విమ్‌ఆర్‌సీ ఫైలులో ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’ అని వ్రాయవలెను. అంతట విమ్ ఫైలు ఏ భాషదో గుర్తించి తదనుగుణమైన నియమములను చేకొనును. మేము విడిచినది ఈ పంక్తియే. ఇది యున్నచో మేక్‌ఫైలునకు ట్యాబు తనంతట నిలుచును.

2. సొంత నియమములను డాట్ విమ్ డైరెక్టరీలోని ఆఫ్టర్, దానిలోని ఎఫ్‌టీప్లగిన్ అను చోట భాషకొక ఫైలుగా వ్రాయవలెను. ‘సెట్’ అనక ‘సెట్‌లోకల్’ అనవలెను; లేనిచో ఒక భాష నియమము మఱియొక దానికి సోకును.

3. పైథాన్ ఫైలులో ‘ఎక్స్‌పాండ్‌ట్యాబ్’ ఉంచి, ‘షిఫ్ట్‌విడ్త్’, ‘సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్’ అను రెంటికిని 4 ఇయ్యవలెను. మొదటిది ట్యాబును స్పేసులుగా మార్చును. రెండవది మెట్టు వెడల్పు. మూడవది మీట నొక్కినపుడు పడు వెడల్పు.

4. గో ఫైలులో ‘నోఎక్స్‌పాండ్‌ట్యాబ్’ అనవలెను. ‘ట్యాబ్‌స్టాప్’ ట్యాబు కనబడు వెడల్పును మాత్రమే మార్చును. 4 అయినను 8 అయినను ఫైలు మారదు.

5. సందేహము కలిగినపుడు ‘సెట్ లిస్ట్’ అని చూడవలెను.

విద్యార్థులారా! ఒక భాషకు మేలైన నియమము వేఱొకదానికి కీడు కావచ్చును. కావున ఎడిటరునకు భాషవారీగా నియమములు తెలుపుడు. యంత్రము తప్పు చూపినపుడు, వ్రాసినవానిని నిందించుటకు ముందు కంటికి కనబడని దానిని వెదకుడు. ఈ రెండవ పాఠము ముందుగా మేము నేర్చుకొనవలసి వచ్చినది.