ముడి వేసిన గుడ్డ: బాలలకు రంగుల పాఠము

పాఠశాలలో చిత్రలేఖనమునకొక గంట, విజ్ఞానశాస్త్రమునకు మఱియొక గంట కేటాయింతుము. రెంటికిని సంబంధమున్నదని బాలునకు తోచు నవకాశమే యుండదు. పోచంపల్లి, పుట్టపాక గ్రామములు పూర్వము నల్లగొండ జిల్లాలోనివి. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి. అచ్చటి నేతపనివారి యిండ్లకు పోయి చూచినచో ఈ విభజన నిలువదు.

చిటికీ నేతలో మొదట గడుల కాగితముపై నమూనా గీయుదురు. ఏ పోగు ఎచ్చట తెల్లగా మిగులవలెనో లెక్కించి, అచ్చట రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, పిదప రంగులో ముంచుదురు. లెక్క తప్పినచో పువ్వు చెదరును. తేలియా రుమాలు పని యింకను విచిత్రము. ఆముదపు కాయల తొక్కలను కాల్చి, ఆ బూడిద నీటిలో నూనె కలిపి, నూలును పలుదినములు నానబెట్టుదురు. క్షారముతో కలిసిన నూనె పాలవలె మారి పోగులోని కెక్కును. అట్టి నూలు ఎఱుపును చక్కగా పట్టును. నల్లగొండ, పాలమూరు మెట్టచేలలో రైతు పారవేయు తొక్కయే యిది! దీనిని రసాయనశాస్త్రమని వారికెవ్వరును చెప్పలేదు.

చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని 1937లో వార్ధా సమావేశమున గాంధీజీ ప్రతిపాదించిరి. తరువాత చాలచోట్ల తకిలి త్రిప్పుటయే మిగిలినది, ‘ఎందుకు?’ అను ప్రశ్న మిగులలేదని మా యభిప్రాయము. అందుచేత ప్రశ్నతోనే మొదలగు పని నొకదానిని ఇచ్చట వివరింతుము.

గంజి పోవ నుతికిన తెల్లని నూలుగుడ్డ జానెడు ముక్క తీసికొని, నాలుగు మడతలు చేసి, నడుమ నొక శనగగింజ నుంచి, దాని మొదట దారము బిగించి చుట్టవలెను. పెద్దలు కాచి చల్లార్చిన పసుపు నీటిలో పావుగంట నాననిచ్చి తీయవలెను. విప్పుటకు ముందే “ఎన్ని తెల్లని చుట్లు కనబడును?” అని యడుగుడు. ఒకటియే యని పలువు రందురు. విప్పగా నాలుగు! ఎనిమిది మడతలైనచో నెన్నియో వారే చెప్పుదురు. ఎవరి చుట్టు చెదరినదో వారిని గద్దింపవలదు. వదులైన ముడిలోనికి రంగు ఎట్లు చేరెనో వెదకనిండు. దీపపు వత్తిలో నూనె ప్రాకుటయు నిదియే.

ఇక పసుపు గుడ్డపై వేపపుల్లతో సున్నపుతేట గీతలు గీయించుడు. గీసిన చోటెల్ల నెఱ్ఱనగును. హారతి పళ్లెములోని ఎఱ్ఱనీళ్లు ప్రతి యింట నున్నవే కదా! దానిపై చింతపులుసు చుక్క వేసినచో మరల పసుపు వచ్చును. క్షార, ఆమ్లములను మాటలు అప్పుడు చెప్పుడు, ముందు కాదు. ఆముదపు తొక్కల బూడిదనీటిని వడకట్టి చుక్క వేసినను ఎఱుపెక్కును. పుట్టపాకవారి బూడిద చేయు పని యేమో పిల్లవాడు ఇట్లు కంటితో చూచును. సున్నపుతేట, బూడిదనీరు కంట బడిన ప్రమాదము గనుక పాత్ర ఉపాధ్యాయుని చేతనే యుండవలెను.

తరువాత గుడ్డలో సగముపై పుస్తకముంచి ఎండలో పెట్టుడు. కొన్ని దినములలో బయటి సగము వెలవెలబోవును. పసుపు ఎండకు నిలువదు. పిల్లలు చిన్నబుచ్చుకొందురు, కాని నిలుచు రంగును గూర్చి అడుగుటయు నప్పుడే. ఫాల్గుణమున మోదుగుపూలు రాలు వేళ రెండు ముక్కలు తీసి, ఒకదానిని పటికనీటిలో నానబెట్టి, రెంటిని పూలరసములో కాచి యుతికి చూడుడు. పటిక ముక్కలో రంగు ఎక్కువ నిలుచును. పటిక నల్లగొండవారికి క్రొత్తది కాదు. నాగపూరు జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో నీటి ఫ్లోరైడును తగ్గించునది సున్నముతో కూడిన పటికయే.

నేతగాని బిడ్డ తరగతిలో మౌనముగా కూర్చుండుట మేము పలుమార్లు చూచితిమి. తన యింటి పని చదువు కాదని అతని నమ్మకము. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము, ఆసు పోయుచు తల్లి చేయి నొచ్చుట చూచి, ఆ కదలికనే యంత్రముగా మార్చెను. 1999లో యంత్రము సిద్ధమైనది. 2017లో పద్మశ్రీ లభించినది.

గుడ్డలను, చెదరినవానిని గూడ, తేదీ వ్రాసి గోడకు వ్రేలాడదీయుడు. ఊరిలో నేతపనివారున్నచో ఒకనాడు పిలిచి ఆ గోడ చూపుడు. చెదరిన ముడి ఏదో వారే పట్టుకొందురు, ఎట్లు బిగింపవలెనో చూపుదురు.