నాయకత్వాన్ని బోధించే గ్రంథాలు – చదువవలసిన తీరు

చదువు ముగించి ఉద్యోగాన్వేషణలో పడబోయే వారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “జీవితంలో పైకి రావాలంటే ఏ పుస్తకం చదవాలి?” నాయకత్వం, సమష్టి కృషి, వృత్తిలో అభివృద్ధి అనే విషయాలపై పుస్తకాలకు కొదువ లేదు. వాటిలో చదువదగిన కొన్నింటిని పేర్కొని, మన కమ్మర్‌పల్లి, బోధన్ ప్రాంతాల జీవితంతో వాటిని సరిచూసుకొనే విధానాన్ని వివరించదలచాము.

మొదటిది డేల్ కార్నెగీ 1936లో వెలువరించిన ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’. ఎదుటివారిని నిందించకుండుట, వారి పేరు జ్ఞాపకముంచుకొనుట, వారు చెప్పేది శ్రద్ధగా వినుట ఇందులోని ముఖ్యాంశాలు. మెప్పు వేరు, ముఖస్తుతి వేరని గ్రంథకర్తే హెచ్చరించాడు. షేక్ సాదీ 1258లో రచించిన ‘గులిస్తాన్’ ఎనిమిదవ అధ్యాయం కూడా నలుగురిలో మెలగవలసిన మర్యాదలను గూర్చినదే. ఉర్దూ మిత్రులు ఈ రెండింటినీ పోల్చి చదివితే ప్రయోజనం కలుగుతుంది.

రెండవది పీటర్ డ్రకర్ 1967లో ప్రచురించిన ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’. మన కాలం ఎక్కడ ఖర్చవుతున్నదో ముందుగా లెక్క వ్రాసుకొమ్మని ఆయన ఉపదేశం. ఒక వారంపాటు గంట గంటకూ వ్రాసి చూడండి. ఆ లెక్క మనల్ని సిగ్గుపడేలా చేసినా మేలే చేస్తుంది.

సమష్టి కృషి విషయంలో పాట్రిక్ లెన్సియోని 2002లో కథారూపంలో వ్రాసిన ‘ది ఫైవ్ డిస్‌ఫంక్షన్స్ ఆఫ్ ఎ టీమ్’ చదువదగినది. పరస్పర విశ్వాసం లేకపోవుట, అభిప్రాయభేదానికి భయపడుట, నిర్ణయానికి కట్టుబడకపోవుట, ఒకరినొకరు బాధ్యత అడగకపోవుట, ఉమ్మడి ఫలితాన్ని విస్మరించుట అనే ఐదు లోపాలను అది చూపుతుంది. చెరుకు పండించే వారికి ఇందులోని సత్యం ఇట్టే బోధపడుతుంది. నరికిన చెరుకు నిలువ ఉన్నకొద్దీ బరువూ, తీపీ తగ్గుతాయి. కోసేవారు, బండి తోలేవారు, తూకం వేసేవారు, రసం తీసేవారు, ఉడికించేవారు – వీరిలో ఒక్కరు జాప్యం చేసినా నష్టం అందరిదీ.

ఇక నాయకత్వం. అబ్దుల్ కలాం ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 1999లో వెలువడింది. శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు విఫలమైంది. దాని బాధ్యుడు కలాం. అయినా నాటి ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ తామే పత్రికలవారి ముందు నిలిచి బాధ్యత వహించారు. 1980 జూలై 18న ప్రయోగం సఫలమైనప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమన్నారు. ఈ సంగతిని కలాం పలు సభలలో చెప్పేవారు. నాయకత్వమంటే ఏమిటో తెలియజేయుటకు ఇంతకు మించిన పాఠం లేదు.

అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. బాగా పనిచేసేవాడు తప్పక పైకి వస్తాడని చాలా పుస్తకాలు అభయమిస్తాయి. అది సగం నిజం మాత్రమే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరుకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. అది 2015లో మూతపడినప్పుడు నేర్పరులు, కష్టజీవులు అందులో లేరా? ఉన్నారు. సంస్థయే నిలువనప్పుడు వ్యక్తి సుగుణాలొక్కటే అతనిని కాపాడలేవు.

కనుక సంస్థను నిలబెట్టిన వారి అనుభవాన్ని కూడా చదవాలి. వర్ఘీస్ కురియన్ జ్ఞాపకాలు ‘ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్’ 2005లో వచ్చాయి. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో ఏర్పడిన పాల సహకార సంఘాన్ని రైతులే యజమానులుగా పెంపొందించిన గాథ అది. మన పసుపు రైతు ఉడకబెట్టి, ఎండబెట్టి, ఒంటరిగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు కొనిపోతే, చెప్పిన ధరకు తలవంచవలసి వస్తుంది. నలుగురు కలసి సరుకును తరగతులుగా వేరుచేసి అమ్మితే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న మీలో పుట్టించగలిగితే ఆ గ్రంథ పఠనం సార్థకమైనట్లే.

ఒక్కడు మెట్లెక్కుట అభివృద్ధి కాదు. పదిమందికి మెట్లు కట్టుటయే నాయకత్వం. ఒక్కొక్క పుస్తకం చదివిన వెంటనే అందులోని ఒక్క సూత్రాన్నైనా మీ ఇంట, మీ ఊర ఆచరించి చూడవలసిందిగా మా మనవి.