స్కాన్‌కు ముందు నాలుగు ప్రశ్నలు



సాయంత్రం ఆటల పీరియడ్‌లో ఆరో తరగతి పిల్లాడు పరుగెత్తుతూ కింద పడ్డాడనుకోండి. నుదుటి మీద బొప్పి కట్టింది. కాసేపు ఏడ్చాడు, నీళ్లు తాగాడు, మళ్లీ స్నేహితుల దగ్గరికి వెళ్లిపోయాడు. స్కూలు నుంచి మీకు ఫోన్ వచ్చింది. లిబర్టీ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్న మీకు ముందుగా తోచే మాట ఒకటే: "ఎందుకైనా మంచిది, ఒక స్కాన్ తీయించేద్దాం."

హిమాయత్‌నగర్‌లో ఉండేవాళ్లకు అదేమంత కష్టం కాదు. మెయిన్ రోడ్డు మీద నడుస్తుంటే డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. 1981లో మొదలైన విజయ డయాగ్నస్టిక్ సెంటర్ రిజిస్టర్డ్ ఆఫీసు ఈ పేటలోనే ఉంది. పక్కనే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో 2018లో ప్రభుత్వం తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాన్ని మొదలుపెట్టింది. రెడ్‌హిల్స్ వైపు వెళితే 1953 నుంచి పిల్లలకు వైద్యం చేస్తున్న నిలోఫర్ ఆసుపత్రి ఉంది. అంటే మనకు పరీక్ష దొరకడం కష్టం కాదు. ఆ పరీక్ష మన బిడ్డకు అవసరమా, కాదా అని తెలుసుకోవడమే కష్టం. ఈ నెల పాఠం దాని గురించే.

నవంబర్ 8ని ప్రపంచమంతా రేడియాలజీ దినోత్సవంగా జరుపుకుంటుంది. 1895లో అదే రోజున జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నారు. మీ పిల్లల ఫిజిక్స్ పుస్తకంలో ఆయన పేరు కనిపిస్తుంది. ఈ 130 ఏళ్లలో యంత్రాలు ఎంతో మారాయి. ఆ యంత్రం ముందు నిలబడే పిల్లల విషయంలో మనం వేయాల్సిన ప్రశ్నలు కూడా మారాయి.

ఏ పరీక్షలో ఏముంది?

చాలామంది అన్నిటినీ కలిపి "స్కానింగ్" అనేస్తారు. నిజానికి ఇవి రెండు రకాలు.

ఎక్స్‌రే, సీటీ స్కాన్ ఒక రకం. రెండూ ఎక్స్‌రేలతోనే పనిచేస్తాయి, కాబట్టి రెండింటిలోనూ రేడియేషన్ ఉంటుంది. ఎక్స్‌రే ఒక ఫొటో లాంటిది. సీటీలో యంత్రం శరీరం చుట్టూ తిరుగుతూ ఎన్నో కోణాల నుంచి చూస్తుంది, కంప్యూటర్ వాటిని కలిపి పలుచని ముక్కలుగా చూపిస్తుంది. అందుకే సీటీలో రేడియేషన్ ఎక్కువ.

అల్ట్రాసౌండ్, ఎమ్మారై రెండో రకం. వీటిలో ఎక్స్‌రేలు ఉండవు. అల్ట్రాసౌండ్ మన చెవికి వినిపించని శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. ఎమ్మారైకి బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు కావాలి.

లెక్క కూడా చూద్దాం. రేడియేషన్‌ను మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే ఆహారం నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల సహజ రేడియేషన్ అందుతూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేలో అందేది 0.1 లేదా అంతకంటే తక్కువ. తలకు తీసే సీటీలో సుమారు 2. అంటే ఒక ఎక్స్‌రేకు బెంబేలెత్తిపోనక్కర్లేదు. కానీ సీటీని ఎక్స్‌రేతో సమానంగా చూడకూడదు.

భయం ఎంత, నిజం ఎంత?

పిల్లల కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. పైగా వాళ్ల ముందు ఇంకా ఎంతో జీవితం ఉంది. అందుకే పెద్దలతో పోలిస్తే రేడియేషన్ విషయంలో పిల్లలకు ఎక్కువ జాగ్రత్త కావాలి.

యూరప్‌లోని 9 దేశాల్లో, 22 ఏళ్ల లోపు సీటీ తీయించుకున్న 9 లక్షల మందికి పైగా పిల్లలను, యువతను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. దాని అంచనా ఇది: ఇప్పటి పద్ధతుల్లో సీటీ తీసిన ప్రతి 10,000 మంది పిల్లల్లో, తర్వాతి 12 ఏళ్లలో 1 లేక 2 మందికి ఆ రేడియేషన్ కారణంగా రక్త సంబంధమైన క్యాన్సర్ రావచ్చు.

ఈ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. ఒక బిడ్డకు నిజంగా మెదడులో రక్తస్రావం ఉంటే, ఆ ప్రమాదం ముందు ఈ ముప్పు చాలా చిన్నది. డాక్టరు అవసరమని చెప్పిన సీటీని రేడియేషన్ భయంతో వద్దనడం పెద్ద పొరపాటు. అదే సమయంలో, అవసరం లేని సీటీ వల్ల బిడ్డకు వచ్చే లాభం సున్నా. లాభం సున్నా అయినప్పుడు చిన్న ముప్పు కూడా ఎక్కువే.

తలకు దెబ్బ తగిలితే డాక్టరు ఏం చూస్తారు?

మళ్లీ మన ఆరో తరగతి పిల్లాడి దగ్గరికి వద్దాం. 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తలకు దెబ్బ తగిలి ఎమర్జెన్సీకి వచ్చిన 42,412 మంది పిల్లలను అందులో పరిశీలించారు. వారిలో మూడోవంతు కంటే ఎక్కువ మందికి సీటీ తీశారు. కానీ మెదడుకు తీవ్రమైన గాయమైనవాళ్లు 376 మంది, అంటే నూటికి ఒక్కరి కంటే తక్కువ. ఆపరేషన్ అవసరమైనవాళ్లు 60 మంది.

ఆ పరిశీలన నుంచి డాక్టర్ల కోసం ఒక పద్ధతి తయారైంది. రెండేళ్లు దాటిన పిల్లల్లో ఆరు విషయాలు చూస్తారు:

1. మగతగా, తికమకగా ఉన్నారా? అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారా?
2. పుర్రె అడుగు ఎముక విరిగిన గుర్తులున్నాయా? కళ్ల చుట్టూ లేదా చెవి వెనుక నల్లగా కమలడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం వంటివి.
3. దెబ్బ తగిలాక స్పృహ తప్పారా?
4. వాంతులయ్యాయా?
5. తలనొప్పి తీవ్రంగా ఉందా?
6. దెబ్బ తగిలిన తీరు ప్రమాదకరమైనదా? 5 అడుగుల కంటే ఎత్తు నుంచి పడటం, హెల్మెట్ లేకుండా ఉన్నప్పుడు వాహనం ఢీకొనడం లాంటివి.

ఈ ఆరింటిలో ఒక్కటీ లేకపోతే తీవ్రమైన గాయం ఉండే అవకాశం 2,000 మందిలో ఒక్కరి కంటే తక్కువ, కాబట్టి సీటీ అవసరం లేదని ఆ పద్ధతి చెబుతుంది. మొదటి రెండింటిలో ఏది ఉన్నా సీటీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్కటే ఉంటే, చాలాసార్లు బిడ్డను కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచి గమనించవచ్చు. ఆ సమయంలో తేడా కనిపిస్తే అప్పుడు స్కాన్ తీస్తారు. "డాక్టరు ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అని అప్పుడు మనం విసుక్కోకూడదు. గమనించడం కూడా వైద్యమే.

రెండేళ్ల లోపు పసిపిల్లలకు వేరే పట్టిక ఉంది. అందులో మనం ప్రత్యేకంగా తెలుసుకోవలసిన అంశం ఒకటుంది: "బిడ్డ ఎప్పటిలా లేదని తల్లిదండ్రులు చెబుతున్నారా?" చూడండి, అమ్మ మాట, నాన్న మాట ఆ పరీక్షలోనే ఒక భాగం. యంత్రం కంటే ముందు డాక్టరుకు కావలసింది మీరు చెప్పే వివరాలు. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఎన్ని గంటలకు, వెంటనే ఏడ్చాడా, ఎన్నిసార్లు వాంతి చేసుకున్నాడు. ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఒక హెచ్చరిక: ఈ పట్టిక ఇంట్లో కూర్చుని మనమే తీర్పు చెప్పడానికి కాదు. డాక్టరుతో మాట్లాడటానికి మాత్రమే. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కొత్తగా ఏం మారింది?

మొదటిది, లెడ్ ఆప్రాన్. ఎక్స్‌రే తీసేటప్పుడు పొత్తికడుపు మీద సీసపు కవచం కప్పడం ఎన్నో ఏళ్లుగా అలవాటు. 2019లో అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఆ అలవాటును మానుకోవాలని సూచించింది. ఇప్పటి యంత్రాల్లో డోసు బాగా తగ్గింది. పైగా కవచం జరిగి, చూడవలసిన భాగానికే అడ్డు వస్తే ఎక్స్‌రే మళ్లీ తీయాలి. యంత్రం తనంతట తాను డోసు పెంచే ప్రమాదమూ ఉంది. కాబట్టి మీ బిడ్డకు కవచం కప్పకపోతే అది నిర్లక్ష్యం అనుకోకండి. అయితే బిడ్డను పట్టుకోవడానికి మీరు గదిలో ఉండాల్సి వస్తే మీకు మాత్రం ఆప్రాన్ ఇవ్వమని అడగండి. గర్భిణి అయిన తల్లి గదిలోకి వెళ్లకుండా, ముందే టెక్నీషియన్‌కు ఆ సంగతి చెప్పాలి.

రెండోది, సీటీ యంత్రం. పాత యంత్రాల్లో ఎక్స్‌రే ముందు వెలుగుగా మారి, తర్వాత కరెంటు సంకేతంగా మారుతుంది. ఇప్పుడు ఒక్కో ఎక్స్‌రే కణాన్ని నేరుగా లెక్కపెట్టే 'ఫోటాన్ కౌంటింగ్' సీటీలు వచ్చాయి. మొదటిదానికి అమెరికాలో 2021లో అనుమతి లభించింది. తక్కువ డోసుతో మరింత స్పష్టమైన బొమ్మ వీటి ప్రత్యేకత.

మూడోది, కృత్రిమ మేధ. తక్కువ డోసుతో తీసిన సీటీ బొమ్మ గరుకుగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది. దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు 2019 నుంచి వాడకంలోకి వచ్చాయి. ఎమ్మారైలోనూ ఇలాంటివి సమయాన్ని తగ్గిస్తున్నాయి. కదలకుండా పడుకోలేని పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఇక ఎక్స్‌రేను కంప్యూటరే చదివి చెప్పే పద్ధతి: టీబీని పట్టుకోవడానికి దీన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అయితే 15 ఏళ్లు, ఆపై వయసు వాళ్లకు మాత్రమే. పిల్లల ఎముకలు, ఊపిరితిత్తులు వయసుతో మారిపోతుంటాయి. కాబట్టి మీ బిడ్డ రిపోర్టు కింద రేడియాలజిస్టు పేరు, సంతకం ఉన్నాయో లేదో చూడండి.

మీరు అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఒకటి: "డాక్టర్ గారూ, ఈ స్కాన్ ఫలితం వల్ల వైద్యంలో ఏం మారుతుంది?" ఏమీ మారదంటే అవసరం గురించి మళ్లీ ఆలోచించవచ్చు. జ్వరంతో ఒక్కసారి వచ్చి, కొద్దిసేపట్లో ఆగిపోయే మామూలు ఫిట్స్‌కు, సాధారణ జలుబు, సైనస్‌లకు స్కాన్ మామూలుగా అవసరపడదు.

రెండు: "అల్ట్రాసౌండ్‌తో గానీ ఎమ్మారైతో గానీ తెలుస్తుందా?" ఉదాహరణకు, పిల్లల్లో అపెండిక్స్ అనుమానం వస్తే చాలాసార్లు ముందు అల్ట్రాసౌండే చేస్తారు.

మూడు: "ఇప్పుడే తీయాలా, కాసేపు గమనించి చూడవచ్చా?"

నాలుగోది సెంటర్లో అడగాలి: "పిల్లల సెట్టింగులతోనే తీస్తారు కదా?" పెద్దవాళ్ల డోసు పిల్లలకు అక్కర్లేదు. మన దేశంలో ఎక్స్‌రే, సీటీ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి ఉందా అని అడగడం మీ హక్కు.

ఇలా అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మంచి డాక్టరు ఓపికగానే జవాబు చెబుతారు.

వెళ్లేముందు, వచ్చాక

ఎమ్మారైకి వెళ్లేటప్పుడు పిల్లల ఒంటి మీది తాయెత్తు, మొలతాడు, పట్టీలు, హెయిర్ పిన్నులు, సేఫ్టీ పిన్నులు ఇంట్లోనే తీసేయండి. కాక్లియర్ ఇంప్లాంట్ లాంటివి ఉంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పండి. లోపల పెద్ద శబ్దాలు వస్తాయని, చెవులకు రక్షణ పెడతారని, నొప్పి ఉండదని బిడ్డకు ముందే వివరించండి. భయం తగ్గితే కదలడం తగ్గుతుంది. కదలకపోతే పరీక్ష మళ్లీ చేయాల్సిన పని ఉండదు.

వచ్చాక, రిపోర్టు కాగితంతో పాటు బొమ్మల సీడీ గానీ లింకు గానీ తప్పక తీసుకోండి. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాతవి లేక మళ్లీ స్కాన్ తీయించుకునే కుటుంబాలు ఎన్నో. పాత ఫిల్ములు బీరువా మీద దుమ్ము పట్టి ఉంటే దులిపి, తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. అన్నట్టు, వాటిలోంచి గ్రహణం చూడనివ్వకండి. కళ్లు దెబ్బతింటాయి.

ఈ నెల ఇంటి పని

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి ఒక నోటు పుస్తకం తీయండి. ఒక పేజీలో నాలుగు గడులు గీయించండి: తేదీ, ఏ పరీక్ష, ఏ భాగానికి, ఎందుకు. ఇప్పటివరకు వాళ్లకు తీసిన ఎక్స్‌రేలు, స్కాన్లు అందులో వాళ్ల చేతనే రాయించండి. పళ్ల డాక్టరు దగ్గర తీసినవి కూడా. చివరి పేజీలో పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు రాసి ఉంచండి.

ఈసారి స్కూలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు, లిబర్టీ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా, ఏం అడగాలో మీకు తెలిసి ఉంటుంది.