వెనుక అద్దం పగిలిన విద్యుత్ కారు

కారు ముందు అద్దానికి రాయి తగిలితే సాలెగూడు లాంటి పగులు పడుతుంది గాని, అద్దం మాత్రం వున్న చోటే నిలిచి వుంటుంది. అదే రాయి వెనుక అద్దానికి తగిలితే ఢాం అని ఒక్క శబ్దం, ఆ వెంటనే సీట్ల నిండా పటికబెల్లం పలుకుల్లాంటి గాజు ముక్కలు! రెండూ ఒకే కారువి, రెండూ గాజువే. మరి యింత తేడా ఎందుకు? లక్షలకు లక్షలు పోసి కొన్న విద్యుత్ కారుకు ఆ వెనుక అద్దం మార్చవలసి వస్తే ఏమేమి చూసుకోవాలి? మన క్లాసు పాఠాలలో విడివిడిగా చదువుకునే సంగతులు చాలా ఈ ఒక్క పనిలో కలిసి కనిపిస్తాయి గనుక దీన్ని గురించి వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. తెలుగులో మొహం చూసుకునేదీ అద్దమే, కిటికీకి బిగించేదీ అద్దమే. ఇక్కడ వెనుక అద్దమంటే డ్రైవరు ఎదుట వేలాడే చిన్న అద్దం కాదు. డిక్కీ వైపు వుండే పెద్ద గాజు పలక. ఉదాహరణకు టెస్లా కంపెనీవారి మోడల్ ఎస్ కారును తీసుకుందాం. 2012లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఈ బండి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తయారయింది. ఆ ప్రాంతంలో తెలుగువాళ్ళు ఎక్కువే కాబట్టి మన పూర్వ విద్యార్థులలో కొందరికి యిది బాగా తెలిసిన బండే అయి వుంటుంది. ఇందులో వెనుక అద్దం డిక్కీ తలుపుకే అంటించి వుంటుంది. తలుపు లేస్తే అద్దమూ లేస్తుంది. తొలి రోజుల బండ్లలో డిక్కీ లోపల, వెనక్కి తిరిగి కూర్చునేట్టుగా, యిద్దరు చిన్నపిల్లలకు సీట్లు కూడా కావాలంటే అమర్చి యిచ్చేవారు. అంటే ఆ పిల్లల తలలు సరిగ్గా ఈ అద్దం కిందనే వుండేవి. ఈ సంగతి జ్ఞాపకం వుంచుకుంటే మిగతా జాగ్రత్తలు ఎందుకో తేలిగ్గా బోధపడుతుంది.

గాజుకు నొక్కుడంటే భయం లేదు, లాగుడంటేనే భయం. దాని ఉపరితలం మీద కంటికి కనబడని గీతలు ఎన్నో వుంటాయి. లాగినప్పుడు ఆ గీతలు నోళ్ళు తెరుస్తాయి, నొక్కినప్పుడు మూసుకుపోతాయి. కాబట్టి ఉపరితలాన్ని ఎల్లప్పుడూ నొక్కి వుంచగలిగితే గాజు బలపడుతుంది. దీన్ని సాధించే ఉపాయమే టెంపరింగు. గాజు పలకను సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడిచేసి, రెండు వైపులా ఒక్కసారిగా చల్లటి గాలి కొడతారు. పైపొరలు ముందు చల్లబడి బిగుసుకుంటాయి. లోపలి భాగం తర్వాత చల్లబడుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. అప్పటికే గట్టిపడిన పైపొరలు దాన్ని కుంచించుకోనివ్వవు. ఫలితంగా పైపొరలలో సంపీడన ప్రతిబలం, నడుమ తన్య ప్రతిబలం శాశ్వతంగా చిక్కుకుపోతాయి. ఈ ప్రక్రియకు 1874లోనే ఫ్రాన్సులో ద లా బాస్తీ పేటెంటు తీసుకున్నాడు. ఆయన గాలికి బదులు నూనె వాడాడు.

ఇంకా వెనక్కి పోతే రూపర్టు రాజకుమారుడి గాజు బొట్లు వున్నాయి. కరిగిన గాజును నీళ్ళలోకి జారవిడిస్తే తోకవున్న బొట్టు తయారవుతుంది. దాని తలను సుత్తితో కొట్టినా పగలదు గాని, తోక విరిస్తే మొత్తం పొడి పొడి అవుతుంది. 1660లో రూపర్టు వీటిని ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు చూపిస్తే, ఆయన పరిశీలించమని రాయల్ సొసైటీకి పంపాడు. రాజుగారి ఆ వింత వస్తువే యీనాడు మన కారుకు వెనుక వున్న అద్దమని చెప్పవచ్చు.

మామూలు 4 మి.మీ. పలకలో సంపీడనం వున్న పొర ఒక్కొక్క వైపు మందంలో అయిదోవంతు, అంటే సుమారు 0.8 మి.మీ. మాత్రమే. ఆ లోతు దాటని గీత పడితే ఫరవాలేదు. దాటిందా, లోపల బంధించి వున్న శక్తి అంతా ఒక్కసారిగా విడుదలవుతుంది. పగులు సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో నలుమూలలకూ పరుగెత్తుతుంది. అయితే పగిలిన ముక్కలు కత్తుల్లా కాక మొద్దుగా, చిన్నవిగా వుంటాయి. ఐక్యరాజ్యసమితి వాహన నియమావళిలోని 43వ నిబంధన ప్రకారం పరీక్షకోసం పగలగొట్టినప్పుడు 5 సెం.మీ. చదరంలో 40 ముక్కలకు తక్కువ వుండరాదు. చిత్రమేమిటంటే ఇక్కడ ముక్కలు తక్కువైతేనే అద్దం తప్పినట్టు! ముక్కలు తక్కువంటే అవి పెద్దవి, పెద్దవంటే కోసేవి. డిక్కీలో కూర్చున్న పిల్లల సంగతి యిప్పుడు ఆలోచించండి.

ముందు అద్దం కథ వేరు. రెండు పలచని గాజుల నడుమ 0.76 మి.మీ. ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు; పగిలినా ముక్కలు ఆ పొరను అంటుకునే వుంటాయి. మీ బండికి వున్నది ఏ రకమో ఊహించనక్కరలేదు. అద్దం మూలన చిన్న అక్షరాలతో ముద్ర వుంటుంది, చదవండి. మన దేశంలో వాహనాల అద్దాలకు ఐ.ఎస్. 2553 రెండవ భాగం ప్రమాణం. ముద్రే లేని అద్దాన్ని 'అచ్చం కంపెనీదేనండీ' అని అమ్మజూపితే కొనకపోవడం మేలు.

టెంపరింగు అయిన గాజును కోయడానికి గాని, రంధ్రం చేయడానికి గాని వీలుకాదు. కోసిన మరుక్షణం పొడి అవుతుంది. అందుచేత 'కొంచెం పెద్దదైతే అరగదీసి సరిపెడదాం' అనే మన వర్క్‌షాపు ధోరణి ఇక్కడ పనికిరాదు. ఆ బండికి, ఆ సంవత్సరపు నమూనాకు తయారైన పలకే కావాలి. అంచులే దీనికి మర్మస్థానం. కొత్త అద్దాన్ని సిమెంటు గచ్చుమీద అంచున నిలబెట్టేవారిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. చెక్కమీదనో, తివాచీ మీదనో పెట్టాలి. గాజు సాంద్రత 2.5 గనుక 4 మి.మీ. పలక చదరపు మీటరుకు 10 కి.గ్రా. తూగుతుంది, కాబట్టి యిద్దరు మనుషులు, రెండు జతల రబ్బరు చూషకాలు వుండాలి. 2017లో వచ్చిన మోడల్ 3 తొలి బండ్లలో వెనుక అద్దం, వెనుక సీటువారి తలలమీది దాకా ఒకే పలకగా సాగి వుంటుంది. దాన్ని ఒక్కడే ఎత్తాలనుకోవడం సాహసం కాదు, తెలివితక్కువ.

ఇక విద్యుత్తు సంగతి. వెనుక అద్దం మీద కనిపించే సన్నని అడ్డగీతలు అలంకారానికి కావు. అవి వెండి కలిసిన ముద్దతో అచ్చువేసి, టెంపరింగు కొలిమిలోనే గాజుకు కాల్చి అతికించిన తీగలు. మంచునూ, వానాకాలంలో లోపల పట్టే ఆవిరినీ తొలగించడం వాటి పని. లెక్క చూద్దాం: 12 గీతలు, ఒక్కొక్కదాని నిరోధం 9.6 ఓములు అనుకుంటే, సమాంతర సంధానంలో మొత్తం 0.8 ఓము. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు, 180 వాట్లు. ఒక గీత తెగితే మిగతా పదకొండూ మామూలుగానే పనిచేస్తాయి, ఆ ఒక్క చార మాత్రం మసకగా వుండిపోతుంది. ఎక్కడ తెగిందో కనుక్కోవడం మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా సాధ్యమే. వోల్టుమీటరు ఒక కొనను భూమికి కలిపి, రెండవ కొనను గీత వెంట జరుపుతూ పోతే వోల్టేజి 12 నుంచి సున్నాదాకా మెల్లగా తగ్గాలి. ఒక్క చోట ఉన్నట్టుండి పడిపోతే అక్కడే తెగినట్టు. వెండి రంగుతో ఆ జాగాను అతకవచ్చు. కొత్త అద్దం బిగించక ముందే నిరోధం కొలిచి చూసుకోవడం ఉత్తమం. బిగించాక తెలిస్తే ఏం లాభం?

విద్యుత్ కారు అనగానే మెకానిక్కులు జంకేది ఎక్కువ వోల్టేజికి. మోడల్ ఎస్‌లో పెద్ద బ్యాటరీ నేల కింద వుంటుంది. దాదాపు 400 వోల్టులు. దాని కేబుళ్ళకు నారింజ రంగు తొడుగు వుంటుంది, వాటి జోలికి పోకూడదు. అద్దం మార్చేవాడికి వాటితో పని కూడా లేదు. నిజమైన చిక్కు చిన్న బ్యాటరీ దగ్గర వస్తుంది. ఈ కారు తలుపులకు అద్దం చుట్టూ ఫ్రేము వుండదు. తలుపు తెరిచినప్పుడు కిటికీ అద్దం దానంతటదే కొంచెం కిందికి దిగి, మూశాక పైకి లేస్తుంది. చిన్న బ్యాటరీ తీసేస్తే ఆ దిగడం ఆగిపోతుంది. అప్పుడు తలుపు లాగితే వున్న అద్దానికి కూడా దెబ్బ. డిక్కీ తలుపు తెరుచుకోవడం కూడా కరెంటుతోనే. అందుచేత కరెంటు తీసే ముందే కిటికీలన్నీ దించి, డిక్కీ తెరిచి వుండాలో మూసి వుండాలో నిశ్చయించుకోవాలి. వెనుక అద్దం కోసం పోయి పక్క అద్దం పోగొట్టుకోవడం కంటె నగుబాటు ఏముంది?

మన పాత అంబాసిడర్, ఫియట్ కార్లలో అద్దం రబ్బరు బీడింగులో కూర్చునేది. బీడింగు గాడిలో తాడు చుట్టి, బయటినుంచి ఒకరు అద్దాన్ని నొక్కుతూ వుంటే లోపలినుంచి మరొకరు తాడు లాగేవారు. రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కి కూర్చునేది. అది చేతివాటం పని. ఇప్పటి అద్దాలను పాలియురిథేను జిగురుతో అంటిస్తారు. ఇది రసాయనం పని. చేతి చురుకుదనం రసాయనాన్ని తొందరపెట్టలేదు.

ముక్కలన్నీ ఏరి, వాక్యూమ్ పెట్టి లాగిన తర్వాత పాత జిగురును పూర్తిగా గీకెయ్యకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర వదిలి మిగతాది కత్తితో సమంగా కోయాలి. కొత్త జిగురు పట్టడానికి దానిని మించిన పునాది లేదు. ఇలా కోసేటప్పుడు రంగు మీద గీత పడితే, ఈ కారు బాడీ చాలావరకు అల్యూమినియం కాబట్టి, వెంటనే ప్రైమరు పూయాలి. నల్లని జిగురులో వుండే కార్బన్ పొడి విద్యుత్తును పోనిస్తుంది. అది బయటపడ్డ అల్యూమినియాన్ని తాకి, పైన తేమ చేరితే, విద్యుత్ ఘటం లాంటిదే ఏర్పడి లోహం తినేస్తుంది. అందుకే అల్యూమినియం బండ్లకు విద్యుత్తు పోనివ్వని రకం జిగురు వాడతారు. తర్వాత కొత్త గాజు అంచున వున్న నల్లని పట్టీని శుభ్రం చేయాలి. ఆ పట్టీ కూడా అందానికి కాదు, ఎండ తగిలితే జిగురు పాడవుతుంది గనుక దానికి గొడుగు.

జిగురు ట్యూబు మూతికి త్రికోణపు గాటు పెట్టి, ఎక్కడా తెగకుండా ఒకే వరుసగా వేసి, పైపొర ఎండక ముందే అద్దాన్ని దింపి టేపు వేస్తారు. ఇక ఇక్కడే యజమాని గడియారం చూడడం మొదలు పెడతాడు!

ఈ జిగురు ఎండి గట్టిపడదు. గాలిలో తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. జిగురులోని ఐసోసయనేటు నీటి అణువులతో చర్య జరిపి, బొగ్గుపులుసు వాయువును వదులుతూ గొలుసులు కడుతుంది. 23 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో మొదటి రోజుకు సుమారు 3 మి.మీ. లోతు గట్టిపడుతుందనుకుందాం. ఒక వైపు గాజు, మరొక వైపు రేకు వుండడంవల్ల తేమ రెండు అంచులనుంచే లోపలికి పోవాలి. జిగురు వరుస వెడల్పు 10 మి.మీ. అయితే ఒక్కొక్క అంచునుంచి 5 మి.మీ. పోవాలి. తేమ చొచ్చుకుపోయే లోతు కాలం యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 5ను 3తో భాగించి వర్గం చేస్తే సుమారు 2.8 రోజులు. అంతవరకు బండి కదపరాదని కాదు. కదపదగ్గ కనీస వ్యవధిని జిగురు తయారుచేసినవారు ట్యూబు మీద గాని, దాని పత్రంలో గాని ఇస్తారు. వేడిని, తేమను బట్టి అది గంట కావచ్చు, కొన్ని గంటలు కావచ్చు. తేమ నిండిన విశాఖ గాలిలో జరిగినంత త్వరగా వేసవిలో అనంతపురం పొడిగాలిలో జరగదు. తొందర కొద్దీ జిగురుమీద నీళ్ళు చల్లితే వాయువు ఒక్కసారిగా వెలువడి బుడగలు కడుతుంది. ఇన్ని చెప్పినా 'సాయంత్రం పెళ్ళికి పోవాలి, ఇచ్చెయ్యవయ్యా' అనేవారికి లోటుండదు. అటువంటప్పుడు లేదని చెప్పగల మెకానిక్కే పనివాడని నా అభిప్రాయం.

ఆ పనివాడి సంగతి ఎవరికీ పట్టదు. గట్టిపడని జిగురులోని ఐసోసయనేట్లు చర్మానికి, ఊపిరికి మంచివి కావు. వాటివల్ల ఒకసారి ఉబ్బసం పట్టుకుంటే తర్వాత కొద్దిపాటి సోకినా తిరగబెడుతుంది. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు, గాలి ఆడే చోటు, ఈ మూడూ యజమాని బిల్లులో కనబడవు గాని, ఉండి తీరాలి.

అసలు వెనుక అద్దమే లేకుండా చేస్తే పోదా? అలా కూడా చేశారు. 2023లో షాంఘైలో ప్రదర్శించిన పోల్‌స్టార్ 4 అనే విద్యుత్ కారుకు వెనుక కిటికీ లేదు. కెమెరా చూపే దృశ్యం డ్రైవరు ముందున్న అద్దంలాంటి తెరమీద కనిపిస్తుంది. వెనుక సీటువారి తలకు చోటు పెరుగుతుందంటారు. నిజమే. అయితే మసకబారిన గాజును ఎవరైనా గుడ్డతో తుడుచుకోవచ్చు; మసకబారిన తెరను తుడిస్తే ఏమొస్తుంది?

కొత్త అద్దం పెట్టిన తర్వాత ఒకటి రెండు రోజులు బండి కడగకూడదు. టేపు ఒక రోజు వుంచాలి. ఒక కిటికీ కొంచెం దించి వుంచాలి. అన్నీ మూసి తలుపు బలంగా వేస్తే లోపలి గాలి పచ్చి జిగురును బయటికి నెడుతుంది. జిగురు పూర్తిగా గట్టిపడ్డాక, తలుపులన్నీ మూసి, బయటి గాలి లోపలికి వచ్చేట్టు ఫ్యాను పూర్తిగా తిప్పి, అద్దం చుట్టూ సబ్బునీళ్ళు పూయండి. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ సందు వున్నట్టు. చివరగా వెనుక సీటు బెల్టులను పూర్తిగా బయటికి లాగి చూడండి. పాత గాజు పలుకులు అక్కడ దూరి వుంటాయి. బెల్టు గరగరమంటే మళ్ళీ వాక్యూమ్ పట్టించవలసిందే.