దూరపు పరుగు పిదప విశ్రాంతి

దూరపు పరుగును ముగించుటకు వలయు ధైర్యమును మన విద్యార్థు లెఱుగుదురు. పరుగు ముగిసిన పిదప కొన్ని దినము లాగియుండుటకు వలయు ధైర్యమును గూర్చి మన మంతగా తలపోయము. దీనిని మేము నష్టపడి నేర్చుకొంటిమి గనుక ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మారథాను పరుగు దూరము 42.195 కిలోమీటర్లు. 1896వ సంవత్సరమున ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో దీనిని గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకుదేశీయుడు. నాటి దూరము సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. నేటి దూరము 1908లో లండన్ క్రీడలయం దేర్పడి 1921లో స్థిరపఱుపబడెను. ట్రయాథ్లాను అనగా ఈత, సైకిలు స్వారి, పరుగు అను మూటిని వెంటవెంట జరుపు పోటీ. ఒలింపిక్ క్రీడలలో ఇది 2000వ సంవత్సరమున సిడ్నీయందు ప్రవేశించెను; అందలి దూరములు వరుసగా 1.5, 40, 10 కిలోమీటర్లు.

మేము నలువురము మారథానును ముగించితిమి. ఆఱు వారముల పిమ్మట ట్రయాథ్లానులో పాల్గొనవలెనని మా సంకల్పము. నాలుగవ దినమున మాలో నొకనికి నొప్పులు తగ్గెను. "కాళ్లు తేలికపడినవి, ఊరకున్నచో సాధించిన బలము పోవును" అని యతడు పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తెను. మేము వారింపకపోగా మెచ్చుకొంటిమి. మఱి రెండు పరుగులైన పిమ్మట మోకాలి క్రింది యెముకపై ఒక్కచోట నొప్పి పుట్టెను. వైద్యుడు పరీక్షించి, యెముకలో సన్నని బీట యేర్పడినదనియు, రెండు నెలలు పరుగు కూడదనియు చెప్పెను. పోటీదినమున నతడు మా బట్టలకు కావలియై గట్టున నిలిచియుండెను. ఆనాటి మెప్పునకు మేము నేటికిని సిగ్గుపడుచున్నాము.

అతడు మోసపోయిన దెచ్చట? దేహములోని భాగము లన్నియు ఒకే వేగమున కోలుకొనవు. కండరములయందును కాలేయమునందును నిలువయుండు గ్లైకోజెను అను పిండిపదార్థము పరుగులో చాలవఱకు వ్యయమగును. మంచి భోజనమువలన అది ఒకటి రెండు దినములలో తిరిగి నిండును. కండరముల పోగులు సూక్ష్మముగా చినుగును. ఆ నొప్పి సామాన్యముగా రెండవ మూడవ దినములలో హెచ్చి, మెట్లు దిగునప్పుడు మిక్కిలి బాధించును. ఏలయన, అప్పుడు కండరము సాగుచునే బరువును మోయవలసియుండును. నొప్పి పోయిన పిదపను మరమ్మతు సాగుచునే యుండును. స్నాయుబంధములును ఎముకలును ఇంకను నెమ్మదిగా బాగుపడును. కావున ఊపిరియు ఉత్సాహమును ముందుగా వచ్చి, కాళ్లు వెనుకబడును.

ఇక మేము పిమ్మట అనుసరించిన క్రమము. పరుగు ముగియగనే కూలబడక కొంతసేపు నడువవలెను. పొడిబట్టలు కట్టి, అన్నము, పప్పు, గ్రుడ్డు, అరటిపండు, ఉప్పువేసిన మజ్జిగ మున్నగువానిని పుచ్చుకొనవలెను. దాహమునకు మించి నీరు త్రాగరాదు. అట్లు త్రాగినచో నెత్తురులోని ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును. రాత్రి నిద్రను తగ్గింపరాదు.

మొదటి వారమున పరుగు వలదు, నడక చాలును. ఒరసికొనిన చర్మము మానిన పిదప మెల్లగా ఈదవచ్చును, నీరు దేహభారమును మోయును గదా. పిమ్మట సమతలమైన బాటపై సైకిలు. రెండవ వారము చివర, మెత్తని నేలపై, దినము విడిచి దినము కొలది పరుగు. మూడు నాలుగు వారములు గడచినగాని వేగపు సాధన కూడదు. ఉదయము మేల్కొనగనే నాడిని లెక్కించుచుండవలెను. అది మామూలుకంటె హెచ్చుగా నున్నచో ఆ దినము సాధన తగ్గింపవలెను. మూత్రము ముదురు గోధుమవర్ణముగా నున్నను, ఎముకపై ఒక్కచోటనే నొప్పి నిలిచినను, ఱొమ్ము నొచ్చినను వైద్యుని చూడవలెను.

కోత కోసిన మఱునాడే ఆ మడిలో నాట్లు వేయు రైతు లేడు. దుక్కి చేసి, ఎరువు వేసి, నీరు పెట్టిన పిదపనే నారు నాటును. అతనిని సోమరి యని యెవరును అనరు. విద్యార్థులారా, మీ తోడివాడు త్వరపడినప్పుడు చప్పట్లు కొట్టకుడు, చేయిపట్టి నిలుపుడు.