గోదావరి ఒడ్డున ఫ్రెంచి పురము – యానాం చెప్పు పాఠము

గ్రామ భూగోళమును, జనసంఖ్యను తెలిసికొనుట బడిపిల్లల పనియేకాని పంచాయతీ సభ్యుల పని కాదని కొందరు తలంతురు. ఈ తలంపు సరికాదని చెప్పుటకు మనకు దూరదేశముల ఉదాహరణ అక్కరలేదు. మన గోదావరి డెల్టాలోనే, రెండు శతాబ్దములకు పైగా ఫ్రెంచివారి పాలనలోనుండిన యానాం కలదు. దాని వృత్తాంతమును ఈ నెల పాఠముగా పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

ఉనికి

గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలుచోట యానాం నెలకొనియున్నది. పుదుచ్చేరికి సుమారు 870 కిలోమీటర్ల దూరమున నున్నను పాలనలో దానికే చేరినది. చుట్టును ఆంధ్ర ప్రదేశమే: ఒకవైపు కాకినాడ జిల్లా, గౌతమి దాటిన కోనసీమ జిల్లా. ఎదుర్లంక వైపునకు బాలయోగి వారధి కలదు. విస్తీర్ణము 30 చదరపు కిలోమీటర్లకు మించదు. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, గిరియాంపేట, అడవిపొలము, దరియాలతిప్ప మొదలైనవి ఇందులోని ఊళ్లు.

నదియే ఈ ఊరికి బ్రతుకు, నదియే భయము. ఓడవర్తకమునకు అనువని 1723లో ఫ్రెంచివారు ఇచట వర్తకశాల పెట్టిరి. 1727లో విడిచి 1731లో మరల వచ్చిరి. 1839 నవంబరులో వచ్చిన తుపాను పొరుగున నున్న కోరంగి రేవును నాశనము చేసెను. 2022 జూలై వరదలలో గోదావరి నీరు యానాం వీధులను ముంచెత్తెను. పల్లపుభూమి ఏది, మెరకయేది యని ముందుగా ఎరిగినవారికే వరదనాడు జనమును ఎచటికి తరలింపవలెనో తెలియును.

పాలన, భాష

ఫ్రెంచి ఇండియాలో 1880లో పురపాలక పద్ధతి ఏర్పడగా యానాం ఒక పురపాలితమయ్యెను. ఎన్నికైన సభ, దానికి మేయరు ఉండెడివారు. కచేరీ భాష ఫ్రెంచి. ఇంటిభాష మాత్రము తెలుగే. పాలకులు మారినను ప్రజల పలుకు మారలేదు. 1954 జూన్‌లో ప్రజోద్యమము ఫలించి ఫ్రెంచి పాలన ముగిసెను. నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చెను. 1956లో ఒడంబడిక కుదిరి, 1962 ఆగస్టు 16న విలీనము చట్టబద్ధమయ్యెను.

ఆ ఒడంబడికలో గమనింపదగిన విషయమొకటి కలదు. కోరినవారు ఆరు నెలలలోగా వ్రాతపూర్వకముగా తెలిపి ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనవచ్చును. ఎవరు ఎచట పుట్టిరో, ఎచట కాపురముండిరో రుజువు కావలసివచ్చినపుడు జనన, వివాహ దస్తావేజుల విలువ బయటపడును. పురపాలక కచేరీలోని పాత పుస్తకము ఒక కుటుంబమునకు పొలము దస్తావేజువంటిదే.

జనసంఖ్య

1901లో యానాం జనాభా సుమారు 5 వేలు. 2001లో 31 వేల పైచిలుకు, 2011లో 55,626. ఒక్క పదేండ్లలో 24 వేలకు పైగా పెరిగినది. జననములవలననే ఇంత పెరుగుదల సాధ్యము కాదు. బయటినుండి వచ్చి స్థిరపడినవారు అనేకులని స్పష్టము. చదువు వచ్చినవారు నూటికి 79 మందికి పైగా నుండగా, స్త్రీల సంఖ్య పురుషులకంటె అధికము.

వచ్చిపోవు జనము వేరు, కాపురముండు జనము వేరు. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1930లో బ్రిటిషు ప్రాంతమున అమలులోనికి రాగా, అది వర్తింపని యానాంకు పెండ్లిబృందములు తరలివచ్చెడివి. ఊరికి కల్యాణపురమను పేరు పడెను. ఆ దురాచారమును పొగడుటకు దీనిని చెప్పుటలేదు. వీధిలోని సందడినిబట్టి జనసంఖ్యను కట్టరాదనుటకే చెప్పుచున్నాము.

మన కర్తవ్యము

వార్డుల విభజనకు, రిజర్వేషన్లకు, నిధుల పంపకమునకు జనసంఖ్యయే ముఖ్యాధారము. లెక్కలోనికి రాని కుటుంబమునకు కుళాయి, బడి, దారి అందుట కష్టము. 2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1 గణన తేదీగా 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. పనులకై వలసపోవువారు, చెరువుగట్లపై కాపలా ఉండువారు, లంకలలో నివసించువారు లెక్కనుండి తప్పిపోకుండ సభ్యులు ఇంటింటి విషయము ఎరిగియుండవలెను.

1969 నాటి చట్టము ననుసరించి ప్రతి జననమును, మరణమును 21 రోజులలోగా నమోదు చేయింపవలెను. ఆలస్యమైనకొలది రుసుము, అనుమతులు పెరుగును. 2023 అక్టోబరు 1న గాని, ఆ పిమ్మట గాని పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటరు జాబితాకును, పాస్‌పోర్టుకును జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, స్థలమునకు ఆధారము. నేడు చేసిన నిర్లక్ష్యమునకు మూల్యము చెల్లించువాడు రేపటి బాలుడు.

కావున ప్రతి సభ్యుడును తన వార్డులో ఈ యేడు ఎందరు పుట్టిరి, ఎందరు గతించిరి, ఎందరు వలసవచ్చిరి, వారిలో నమోదు కానివారెవరని విచారించి, రాబోవు గ్రామసభలో ఆ పట్టికను చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.